క్రొత్త కారు, దాచిన మరమ్మతు

అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బర్మింగ్‌హామ్ నగరమున గోర్ అను వైద్యుడు 1990 జనవరిలో నల్లని బీఎండబ్ల్యూ కారునొకదానిని అధీకృత డీలరు వద్ద 40,750 డాలర్లకు కొనెను. సుమారు తొమ్మిది నెలలు నడిపినను ఆయన కంటికి దానియందు ఏ లోపమును కానరాలేదు. మరికొంత మెరుగు పెట్టింపవలెనను వేడుకతో కార్లకు పాలిషు చేయు ఒక దుకాణమునకు దానిని తీసికొనిపోగా, ఆ పనిలో చేయి తిరిగిన యజమాని ఈ బండికి మరల రంగు వేసినారని గుర్తించి చెప్పెను. జర్మనీనుండి వచ్చు దారిలో ఆమ్లవర్షము తగిలి పైరంగు చెడియుండునని తరువాత ఉభయపక్షములును భావించినవి. అమెరికా చేరిన పిమ్మట జార్జియా రాష్ట్రములోని బ్రన్స్‌విక్ వద్ద సంస్థవారి కేంద్రమున పైకప్పునకును, బానెట్టునకును, డిక్కీకిని, ప్రక్కరేకులకును తిరిగి రంగు వేసి, ఆ సంగతి కొనువానికే కాదు, అమ్ము డీలరునకు సైతము తెలుపక, సరిక్రొత్త కారుగా విపణికి పంపియుండిరి.

ఇది ఏ ఒక్క ఉద్యోగియో ఏమరపాటున చేసిన పని కాదు. 1983 నుండి ఆ సంస్థ అమెరికా దేశమంతట అనుసరించుచు వచ్చిన విధానము. దారిలో దెబ్బతిన్న కారు మరమ్మతు ఖర్చు దాని ధరలో 3 శాతము మించినచో దానిని కొంతకాలము సంస్థ పనులకు వాడుకొని పిదప పాతకారుగా అమ్ముదురు. మించనిచో మరమ్మతు చేసి, ఎవరికిని చెప్పక, క్రొత్తకారుగా అమ్ముదురు. గోర్ కారునకు రంగు వేయుటకైన ఖర్చు 601 డాలర్లు, అనగా ధరలో ఒకటిన్నర శాతము మాత్రమే. న్యాయస్థానమున పూర్వము ఆ కార్ల డీలరుగా నుండిన ఒక సాక్షి, మరల రంగు వేసిన కారు విలువ చెక్కుచెదరని క్రొత్త కారు విలువకంటె సుమారు 10 శాతము తక్కువయని చెప్పెను. ఆ లెక్కనే జ్యూరీ నష్టమును 4,000 డాలర్లుగా నిర్ణయించెను. దానిపై దండనగా విధించిన 40 లక్షల డాలర్లను రాష్ట్ర సుప్రీంకోర్టు 20 లక్షలకు తగ్గించుట, 1996 మే 20వ తేదీన దేశ సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు వేరొకవైపు నిలిచిన తీర్పులో అదియు మితిమీరినదని త్రోసివేయుట, మరుసటి యేడు ఆ దండన 50,000 డాలర్లకు దిగుట — ఇవన్నియు న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుకొను విషయములు.

నా మనస్సును పట్టుకొన్నది మాత్రము ఆ లక్షల లెక్క కాదు. 601కిని 4,000కును నడుమనున్న దూరము. మొదటిది అమ్మినవాని కొలత: పెయింటునకు, కూలికి తనకైన ఖర్చు. రెండవది కొన్నవాని కొలత: తన చేతికి వచ్చిన వస్తువునకు, తాను కొనుచున్నానని నమ్మిన వస్తువునకు విలువలోగల భేదము. అమ్మినవాని కొలతతో ‘ఇది స్వల్పము’ అని నిర్ణయించి, ఆ నిర్ణయమును కొన్నవానిపై, అతనికి తెలియకుండ, రుద్దుటయే ఈ వ్యవహారములోని అన్యాయము. కంచిలోగాని ధర్మవరములోగాని నేసిన పట్టుచీరలో ఒకచోట పోగు తెగి రఫ్ఫు చేయవలసి వచ్చినపుడు నిజాయితీగల వర్తకుడు మడత విప్పి ఆ చోటును చూపి, ఇష్టమైనచో ఇంత తగ్గించి ఇత్తుననును. రఫ్ఫు చేయుటకైన కూలి పదిరూపాయలే కదాయని మడతలో దాచి పూర్తి వెలకు అమ్మడు.

మన దేశమున క్రొత్త వాహనములకు దారిలో దెబ్బలు తగులుట అరుదైన సంగతి కాదు. శ్రీపెరుంబుదూరులోనో, మానేసర్‌లోనో, చాకన్‌లోనో, మన పెనుకొండ ప్రాంతముననో కర్మాగారము గడప దాటిన కారు, పొడవైన ట్రెయిలరులపై రెండంతస్తులుగా బంధింపబడి వందల కిలోమీటర్లు ప్రయాణించును. కొన్ని రైలు వ్యాగన్లలో పోవును. దారిలో చెట్టుకొమ్మ గీరవచ్చును. కంకర ఎగిరి తగులవచ్చును. ఎక్కించుచు దించుచు డ్రైవరు బంపరును రాయవచ్చును. డీలరు స్టాక్‌యార్డులో వారములు, నెలలు ఎండకు వానకు నిలిచిన బండిపై పక్షుల రెట్ట పడి క్లియర్ కోటును తినివేయవచ్చును. వడగండ్లు కురిసి పైకప్పు సొట్టలు పడవచ్చును. ఇరుకుచోట వెనుకకు తీయబోయి ఒక బండి వేరొకదానిని ఒరయవచ్చును. ఇందులో ఏదియు పాపము కాదు. ఇట్టి నష్టములకు రవాణా బీమా కలదు, మరమ్మతు చేయుటకు షోరూము వెనుకనే బాడీషాపు కలదు. మరమ్మతు చేయుటయు తప్పు కాదు. తప్పు ఆరంభమగునది ఆ బండిని కడిగి తుడిచి, రిబ్బను కట్టి, ఏమియు జరుగనట్లు తాళపుచెవి చేతికిచ్చు క్షణముననే.

‘కంటికి తెలియని మరమ్మతు వలన నష్టమేమి?’ అని అడుగువారికి, కర్మాగారపు రంగునకును బాడీషాపు రంగునకును గల భేదము ఎట్టిదో కొంత వివరముగ చెప్పవలసియున్నది. కర్మాగారములో ఇంకను ఇంజను, సీట్లు, తీగలు, గాజులు ఏవియు అమర్చని వట్టి లోహపు గుల్లను శుభ్రపరచి, ఫాస్ఫేటు స్నానము చేయించి, పిమ్మట రంగుద్రావణముగల పెద్ద తొట్టెలో ముంచి, విద్యుత్ప్రవాహము సాయమున తొలిపూతను పట్టింతురు. ఆ పూత రేకుల మడతలలోనికి, పెట్టెవలె మూసుకొనియున్న సందులలోనికి, తలుపుల అడుగు అంచులలోనికి చొచ్చుకొనిపోయి తుప్పునుండి కాపాడును. దానిని కొలిమివంటి ఓవెన్లలో 160 డిగ్రీల సెల్సియస్ దాపున కాల్చి గట్టిపరతురు. దానిపై ప్రైమరు, దానిపై అసలు రంగు, దానిపై క్లియర్ కోటు వేసి, పైపూతలను సుమారు 140 డిగ్రీల వద్ద కాల్తురు. ఇన్ని పొరలు కలిసియు మొత్తము మందము సాధారణముగా 80 నుండి 150 మైక్రాన్ల నడుమనే యుండును. మనిషి తలవెంట్రుకలు రెంటి మందమునకు మించదు.

పూర్తిగా తయారైన కారును ఈ విధముగ మరల ముంచుటకు గాని కాల్చుటకు గాని వీలులేదు. ప్లాస్టిక్కు కరగును, రబ్బరు చెడును, ఎలక్ట్రానిక్ పరికరములు పాడగును. అందుచేత బాడీషాపులో సొట్టను లాగి, గుంటను పుట్టీతో నింపి, సానపట్టి, స్ప్రే గన్నుతో వేరొక రకపు రంగును వేసి, బూత్‌లో 60 డిగ్రీల వేడికి అటునిటుగా ఆరబెట్టుదురు. నిపుణుడు శ్రద్ధతో చేసిన పని అనేక సంవత్సరములు చెక్కుచెదరక నిలుచుట కలదు. దానిని నేను తక్కువ చేయను. కాని తొందరపనిగా చేసినపుడు, అందునను రేపు డెలివరీ ఇవ్వవలెనను ఒత్తిడిలో చేసినపుడు, రెండు మూడు వేసవుల పిదప క్లియర్ కోటు పొరలుగా లేచుటయు, ప్రక్కనున్న తలుపు రంగునకును దీనికిని తేడా బయటపడుటయు, పుట్టీ క్రింద తేమ చేరి తుప్పు ఉబ్బుటయు కద్దు. మెటాలిక్ రంగులలో ఈ భేదము మరింత శీఘ్రముగ కనబడును. ఏలయన ఆ రంగులోని సన్నని లోహపు రేణువులు ఏ దిశకు ఎట్లు పరచుకొన్నవన్నదానిపై మెరుపు ఆధారపడియుండును, చేతితో చల్లినపుడు ఆ పరపు యంత్రము పరచినట్లు రాదు.

విజయవాడ ఆటోనగరులో దశాబ్దములుగా ఈ పని చేయుచున్న పెయింటర్లకు ఇదంతయు కరతలామలకము. వారు తలుపు తెరచి రబ్బరు బీడింగును వ్రేలితో లేపి, దాని క్రింద మాస్కింగ్ టేపు అంచు వదలిన గీతను వెదకుదురు; బానెట్టు కీలుల బోల్టుల తలలపై రంగు చిట్లియున్నదో లేదో చూతురు; రేకును వ్రేలికణుపుతో తట్టి, పుట్టీ ఉన్నచోట శబ్దము మొద్దుబారుటను వినుదురు; ఏటవాలుగా ఎండలో నిలిచి పైరంగు నునుపును, నారింజతొక్కవంటి గరుకును పోల్చుదురు. నేడు ఈ పరీక్షకు చేతిలో ఇముడు యంత్రము కూడ వచ్చినది. రేకునకు ఆనించినంతనే పెయింటు మందము మైక్రాన్లలో చూపును. మిగిలిన భాగములన్నియు 110, 120 చూపుచుండగా ఒక్క తలుపు 280 చూపినచో అచ్చట రెండవమారు రంగు పడినదని అనుమానింపవలెను. 700, 1000 దాటినచో క్రింద పుట్టీ ఉండుట దాదాపు నిశ్చయము. ప్లాస్టిక్ బంపరులపై ఈ యంత్రము పనిచేయదు. కర్మాగారములోనే తుది తనిఖీలో కనబడిన చిన్నలోపమును సరిదిద్దుట కూడ కలదు గనుక, ఒక్క అంకెను చూచి నేరారోపణ చేయుట తగదు. అంకె ప్రశ్నించుటకు ఆధారము, సమాధానము చెప్పవలసినది అమ్మినవాడు.

అయితే ఇట్టి పరీక్షకు మన కొనుగోలుదారునకు అవకాశమెక్కడ? మనయింట క్రొత్త బండి వచ్చుట ఒక శుభకార్యము. దసరాకో, ఉగాదికో, ధనత్రయోదశికో డెలివరీ కావలెనని ముందుగనే ముహూర్తము చూపించుకొందుము. వెల అంతయు చెల్లించి, అప్పుపత్రములపై సంతకములు పెట్టి, బీమాకు, లైఫ్‌ట్యాక్సుకు డబ్బు కట్టి, తమ పేర రిజిస్ట్రేషనుకు కాగితములు పోయిన పిదపనే అనేకులు తమ బండిని మొదటిసారి దగ్గరగా చూతురు. వర్జ్యము రాకముందే బయలుదేరవలెనని పెద్దలు తొందర పెట్టుచుందురు. బానెట్టుపై పసుపుకుంకుమలు దిద్దుట, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుట, ఛాయాచిత్రములు తీయుట జరుగుచుండును. షోరూము దీపముల కాంతిలో, మైనము పూసిన ఆ మెరుపులో, తలుపు బీడింగు లేపి చూచు తీరిక గాని మనసు గాని ఎవరికుండును? ఆ సంతోషమును నేనెంతో గౌరవింతును. ఒక ఆటో కొనువాడైనను, ట్రాక్టరు కొను రైతైనను, మొదటి స్కూటరు కొను చిరుద్యోగియైనను, ఏండ్ల తరబడి దాచినదియు, రానున్న ఏండ్లలో సంపాదింపబోవునదియు కలిపి ఆ దినమున చెల్లించుచున్నాడు. అట్టి సమయమున అతని సంతోషమునే కప్పుగా వాడుకొని వస్తువులోని లోపమును దాచుట సామాన్యమైన తప్పు కాదు.

పైగా అతనిచేత ఒక రసీదుపై, బండిని సంపూర్ణముగ పరిశీలించి తృప్తితో స్వీకరించితిని అను అర్థము వచ్చు సంతకము పెట్టింతురు. దాచియుంచిన దానిని పరిశీలించితినని సంతకము చేయించుకొనుటలో నాకు న్యాయము కనబడదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టములోని 17వ సెక్షను, ఎరిగిన సంగతిని ఎరిగియు చురుకుగా కప్పిపుచ్చుటను మోసములలో ఒకటిగా లెక్కించినది. అయితే చెప్పవలసిన బాధ్యత లేనిచోట ఊరక మౌనము వహించుట మోసము కాదనియు ఆ సెక్షనే వివరించినది. సొట్టపై పుట్టీ పెట్టి రంగు వేసి పాలిషు పట్టుట మౌనమా, కప్పిపుచ్చుటయా? కప్పిపుచ్చుటయేయని నా దృఢమైన అభిప్రాయము. కాని ‘నాణ్యత కొరకు సరిచేసితిమేగాని దాచుటకు కాదు’ అను వాదమునకు చోటున్నంతవరకు కొన్నవాడు దీనిని న్యాయస్థానములో నిరూపించుకొనవలసియే యుండును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మరింత తేటగ పలికినది: పునర్నిర్మించినవి, వాడినవి, నవీకరించినవి, మరమ్మతులతో బాగుచేసినవి, పాతవి అయిన సరుకులను క్రొత్తవని తప్పుగా చూపుట అనుచిత వ్యాపార విధానమని దాని నిర్వచనములోనే కలదు. ఒక తలుపునకు, ఒక ఫెండరునకు మరల రంగు వేసిన కారు ఈ మాటల పరిధిలోనికి వచ్చునా, రాదా అను సందేహము మిగిలియుండుటయే అమ్మకందారునకు ఆశ్రయమగుచున్నది.

ఇంకొక చిక్కు కలదు. గోవాకు చెందిన ఒక కొనుగోలుదారునకు 2011లో, క్రొత్తదని చెప్పి, 2009లో తయారై 600 కిలోమీటర్లకు పైగా తిరిగి, అడుగుభాగమున తుప్పు, పైన గీతలు కలిగిన కారును ఇచ్చినారన్న వ్యాజ్యము మన సుప్రీంకోర్టు వరకు పోయినది. 2021 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానము డీలరుపై వచ్చిన ఆదేశమును కదల్పలేదు గాని, తయారీ సంస్థకు ఆ సంగతి తెలియునని రుజువు లేనందున దానిని బాధ్యతనుండి తప్పించెను. న్యాయదృష్టితో ఆ తీర్పునకు కారణమున్నది, ఎరుగనివానిని శిక్షింపరాదు. కాని దీని ఫలితమేమనగా, దెబ్బ ఎక్కడ తగిలినది, ఎవరు మరమ్మతు చేసినారు, ఎవరికి తెలియును అను మూడు ప్రశ్నలకు జవాబు వెదకు భారము, వీనిలో ఏదియు తెలిసికొనుటకు మార్గము లేని కొనుగోలుదారుపై పడుచున్నది. ట్రెయిలరు దించిననాటి నష్టపత్రము, బీమా క్లెయిము, బాడీషాపు జాబ్‌కార్డు, అన్నియు ఎదుటిపక్షము బీరువాలోనే యుండును.

మరమ్మతు సంగతి చెప్పినచో జనులు అట్టి బండిని కొనరని వ్యాపారులు చెప్పుదురు. కొనరేమో, కొందరు తగ్గింపు పుచ్చుకొని సంతోషముగనే కొందురు కూడ. కాని, చెప్పినచో కొనడని తెలిసియే చెప్పకుంటిమనుట, ఆ సంగతి కొనువాని నిర్ణయమునకు ముఖ్యమైనదని అమ్మువాడే ఒప్పుకొనుట. ఇంతకంటె బలమైన సాక్ష్యము నాకు తోచదు. అయిదేండ్ల పిమ్మట ఆ బండిని మరల అమ్మబోవునపుడు, కొనువాడు తెచ్చుకొన్న మెకానిక్కు పెయింటు మందము కొలిచి, ‘ఇది యాక్సిడెంటు బండి’ అని తేల్చినచో, ఏ ప్రమాదమును చేయని యజమాని అబద్ధీకుడుగా నిలబడవలసి వచ్చును. ధరయు కోల్పోవును, మాటయు కోల్పోవును. 3 శాతమో, 5 శాతమో ఒక గీత గీసి అంతకు లోపలిది చెప్పనక్కరలేదనుట కూడ నాకు సమ్మతము కాదు. ఆనాటికే అమెరికాలోని కొన్ని రాష్ట్రముల చట్టములు అట్టి గీతలు గీసియుండెను; ఐనను గోర్ వ్యాజ్యమున జ్యూరీ తీర్పు వెలువడిన కొలది దినములలోనే ఆ సంస్థ ఎంత స్వల్పమైన మరమ్మతునైనను వెల్లడించు విధానమును దేశమంతట అవలంబించినది. అట్లు చేసినందున దాని వ్యాపారము కూలిపోలేదు. గీత గీయవలసినది శాతముల వద్ద కాదు, కర్మాగారపు గడప వద్ద: తుది తనిఖీ ముగిసి బండి బయటకు వచ్చిన తరువాత రేకునకు గాని రంగునకు గాని జరిగిన ప్రతి పనియు కొనువానికి చెప్పవలసినదే.

చట్టము మారువరకు కొనువారు చేసికొనదగిన రక్షణ కొంత కలదు. డెలివరీకి ముందు జరుపు తనిఖీని, వాడుకలో పీడీఐ అనుదానిని, శేష వెల చెల్లింపకముందు, తమ పేర రిజిస్ట్రేషను జరుగకముందు, స్టాక్‌యార్డులో పగటివెలుగున, ఛాసిస్ నంబరు సరిచూచుకొని చేయింపవలెను. అనుభవముగల పెయింటరునొకనిని వెంట తీసికొనిపోవలెను. ఈ బండికి బాడీ పనిగాని పెయింటు పనిగాని జరుగలేదని డీలరు లెటర్‌హెడ్డుపై వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాసియిచ్చుటకు వెనుదీయు చోట మరియొక బండిని అడుగవలెను. డెలివరీ పిదప బయటపడినచో, సరిచేసి ఇత్తుమన్న మాట నమ్మి వెంటనే వారి బాడీషాపులోనే బండిని వదలరాదు. మొదట ఛాయాచిత్రములు తీసి, స్వతంత్రుడైన సర్వేయరుచేత మందపు కొలతలతో నివేదిక వ్రాయించి, డీలరునకును తయారీ సంస్థకును లిఖితముగ తెలుపవలెను. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలు మించనిచో తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసికొనవచ్చును, దానికి గడువు రెండు సంవత్సరములు; వెల 5 లక్షల వరకైనచో రుసుము కూడ లేదు.

కాని కొనువాని జాగ్రత్తపైననే సర్వమును మోపుట న్యాయము కాదు. కేంద్ర మోటారు వాహనముల నియమములలో ఫారం 21 అను విక్రయపత్రము కలదు. అది లేనిదే ఏ క్రొత్త బండియు రిజిస్టరు కాదు. అందులో డీలరు ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును, తయారైన నెలను, సంవత్సరమును, తుదకు బండి రంగును సైతము నింపి సంతకము చేయును. బండి ఏ రంగులో ఉన్నదో చెప్పుమన్న ఆ పత్రము, ఆ రంగు ఎన్నిమారులు వేసినారో చెప్పుమని అడుగదు. కర్మాగారము దాటిన పిదప జరిగిన బాడీ, పెయింటు మరమ్మతుల వివరము, ఖర్చు, చేసినచోటు తెలుపు ఒక్క వరుసను కేంద్రప్రభుత్వము ఆ ఫారములో చేర్చవలెను. అది నింపిన ప్రతిని వెల పుచ్చుకొనుటకు ముందే కొనువానికి ఇవ్వవలెనను నియమము పెట్టవలెను. అందు అసత్యము వ్రాసిన డీలరు ట్రేడ్ సర్టిఫికెట్టును సస్పెండు చేయు అధికారమును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణాశాఖల అధికారులు వెనుకాడక వినియోగింపవలెను.